కూర్చోమన్న చెయ్యి

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద కుక్క కరిచింది. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. పిక్క మీద పడ్డ గాట్ల కంటే ఆ తర్వాత జరిగిందే నాకు బాగా గుర్తు. బొడ్డు చుట్టూ సూదులు, రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులు. నాన్న సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. పోయేటప్పుడు దారంతా ఏడ్చేదాన్ని. వచ్చేటప్పుడు పొట్ట పట్టుకుని ఊరుకునేదాన్ని. అది గొర్రె మెదడుతో చేసే టీకా అనీ, బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన ఆ పద్ధతి మన దేశంలో 2004 దాకా నడిచిందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ సూదుల తర్వాత వీధిలో కుక్క కనిపిస్తే చాలు, ఇంకో వీధిలోంచి చుట్టూ తిరిగి బడికి వెళ్లేదాన్ని. పెళ్లయి అమెరికా వచ్చాక కూడా పార్కులో ఎవరైనా కుక్కతో ఎదురొస్తే గడ్డిలోకి దిగి తప్పుకునేదాన్ని.

అలాంటి నేను 2015 నుంచి 2023 దాకా, కరోనా తలుపులు మూసిన కాలం పోను, ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఒక కుక్కను వెంటబెట్టుకుని ముసలివాళ్ల మంచాల దగ్గరికి వెళ్లాను. ఆ కుక్క పేరు బెల్లం. ఆ మంగళవారాల్లో చూసినవి ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను, వెళ్లిన చోటు పేరు కూడా రాయను. అక్కడి వాళ్ల సంగతులు బయటపెట్టనని చేరిన రోజునే సంతకం చేశాను. ఇందులో వచ్చే మామ్మగారి సంగతి మాత్రం రాయమని వాళ్లమ్మాయే అడిగింది.

*

2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లో శాండీ హుక్ స్కూల్లోకి ఒకడు తుపాకీతో చొరబడి ఇరవైమంది పిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్లని కాల్చి చంపాడు. మేముండే ఎడిసన్ నుంచి ఆ ఊరు రెండు గంటల దారి. మా అబ్బాయి అప్పుడు మిడిల్ స్కూల్లో ఉన్నాడు. ఆ వారమంతా వాణ్ని స్కూలు దగ్గర దించి, కారు తియ్యడానికి చేతులు రాక అక్కడే కూర్చునేదాన్ని.

ఒకరోజు టీవీలో, ఇల్లినాయ్ నుంచి ఒక లూథరన్ చర్చి సంస్థవాళ్లు గోల్డెన్ రిట్రీవర్ కుక్కల్ని న్యూటౌన్‌కి తీసుకొచ్చారని చూపించారు. ఒక పిల్ల కుక్క మెడ చుట్టూ చేతులు వేసి దాని బొచ్చులో ముఖం దాచుకుంది. కుక్క కదల్లేదు, తోకైనా ఊపలేదు. ఆ పిల్ల ఎంతసేపు ఉండాలనుకుంటే అంతసేపు అలా నిలబడి ఉంది. పక్కన దాని తాడు పట్టుకున్నావిడ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. కుక్కంటే ఒళ్లు జలదరించే నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

మరుసటి ఏడాది మా ఇంటికి ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్ల వచ్చింది. కొత్త బెల్లం అచ్చు రంగు. మా అబ్బాయే ఆ పేరు పెట్టాడు. తర్వాత అమెరికావాళ్లంతా దాన్ని బెల్లా, బెల్లా అని పిలిచారు. దేనికైనా తోక ఊపేది. మొదటి వారం నేను దాన్ని ముట్టుకోలేదు. ఎనిమిదో రోజు రాత్రి అది తల్లికోసం ఏడుస్తుంటే అందరూ నిద్రపోయారు, నాకు పట్టలేదు. వంటింట్లో నేల మీద కూర్చుని చెయ్యి చాపాను. వచ్చి, అరచేతిలో గడ్డం పెట్టి నిద్రపోయింది. తెల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.

*

అది పెరిగి నిదానం తెలిశాక శిక్షణ తరగతికి వెళ్లాం. నేర్పించే ఆవిడ మొదటి రోజునే చెప్పింది: "మీకు ఏ భాషలో తడుముకోకుండా వస్తుందో ఆ భాషలోనే చెప్పండి. కుక్కకి అన్నీ ఒకటే." అందుకని బెల్లం చదువంతా తెలుగులోనే సాగింది. రా, ఆగు, కూర్చో, పడుకో, వద్దు, వదిలెయ్. ప్రతి మాటకీ ఒక చేతి సైగ. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి నడుము దగ్గర్నుంచి భుజం దాకా ఎత్తితే కూర్చోవాలి. నేల వైపు తిప్పి దించితే పడుకోవాలి. మాట వినపడని రద్దీలో సైగ పనికొస్తుందని ఆవిడ అంది. ఆ సైగ ఎక్కడెక్కడ పనికొస్తుందో అప్పుడు నాకు తెలియదు.

కుక్కని రోగుల దగ్గరికి తీసుకెళ్లే ఈ పనికి మా న్యూజెర్సీలో పాత చరిత్ర ఉందని కూడా ఆ తరగతిలోనే విన్నాను. ఎలెయిన్ స్మిత్ అనే నర్సు ఇంగ్లండులో పనిచేసిన రోజుల్లో, ఒక మతబోధకుడు తన కుక్కతో ఆసుపత్రికి వస్తే రోగుల ముఖాలు ఎలా మారేవో గమనించిందట. తిరిగొచ్చాక 1976లో న్యూజెర్సీలో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టింది. అంతకు ముందే, మాకు నది అవతల న్యూయార్క్‌లో, బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వవేత్త ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ని తల్లి చెప్పిన వేళకంటే ముందే తీసుకొచ్చింది. గదిలో ఉన్న ఆయన కుక్క జింగిల్స్ పరుగెత్తుకెళ్లి ఆ పిల్లవాణ్ని నాకింది. వాడు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. అక్కణ్నుంచి లెవిన్సన్ ఆ కుక్కని తోడు వైద్యుడిగా ఎంచి 1962లో వ్యాసం రాశాడు. మొదట్లో తోటివాళ్లు నవ్వారు. ఆయన మానలేదు.

2015 వసంతంలో పరీక్ష పెట్టారు. ముక్కూమొహం తెలియనివాళ్లు చుట్టుముట్టి మొరటుగా నిమిరారు. ఒకాయన చేతికర్రతో తూలుతూ మీదికొచ్చాడు. వెనకాల పళ్లెం కింద పడేశారు. ఇద్దరు గట్టిగా అరుచుకున్నారు. దారిలో తినుబండారం పెట్టి నడిపించమన్నారు. పళ్లెం చప్పుడుకి బెల్లం ఉలిక్కిపడి నా ముఖంలోకి చూసింది. నేను భయపడలేదని చూసుకుని మళ్లీ ముందుకు నడిచింది. "కుక్క ఉలిక్కిపడకూడదని మేం కోరం. ఉలిక్కిపడ్డాక మీ వైపు చూస్తుందా అన్నదే చూస్తాం," అంది పరీక్ష పెట్టినావిడ. అంటే ఆ రోజు పరీక్ష సగం నాకే.

చాలామంది ఇది కళ్లులేనివాళ్లకి దారి చూపించే కుక్కలాంటిదే అనుకుంటారు. కాదు. అలాంటి సర్వీస్ డాగ్ ఒక్క మనిషి కోసం పనిచేస్తుంది. ఆ మనిషి వెళ్లే దుకాణానికీ, బస్సుకీ దాన్ని వెంట రానివ్వాలని ఇక్కడ చట్టం ఉంది. బెల్లంలాంటి థెరపీ డాగ్‌కి ఆ హక్కులు లేవు. పిలిచిన చోటికే వెళ్లాలి. దాని పని తన యజమానికి కాదు, పరాయివాళ్లకి.

*

మేం వెళ్లిన చోటుని ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. మన ఊళ్లలో ఆ మాటకి చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. ఇక్కడ, ఇంట్లో చూసుకోవడానికి వీలుకాని వయసువాళ్లు ఉండే చోటు. ఒక పక్క ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు కొన్ని వారాలు ఉండి నడక నేర్చుకుని వెళ్తారు. రెండో పక్క ఉన్నవాళ్లు ఇక ఎక్కడికీ వెళ్లరు.

సోమవారం సాయంత్రం బెల్లానికి స్నానం, గోళ్లు కత్తిరించడం, చెవులు తుడవడం. మంగళవారం పొద్దున దువ్వడం. రెండింటికి ఐదు నిమిషాల ముందు నీలంరంగు వెస్టు తొడిగితే దాని నడకే మారిపోయేది. ఇంట్లో ఉడతని చూసి గంతులు వేసేది, ఆ వెస్టు వేసుకున్నాక వరండాలో పూజారిలా నడిచేది. ప్రతి గదికి ముందూ వెనకా వాళ్ల చేతులకీ నా చేతులకీ శానిటైజర్. తాడు ఎప్పుడూ నా చేతిలోనే ఉండాలి, ఒక్క క్షణమైనా ఇంకొకరికి ఇవ్వకూడదు. గుమ్మం దగ్గర నిలబడి, "కుక్క వచ్చింది, లోపలికి రమ్మంటారా?" అని అడగాలి. ఆ భవనంలో రోజంతా అడక్కుండా లోపలికి వచ్చేవాళ్లే ఎక్కువ. "వద్దు" అనే అవకాశం వాళ్లకి దొరకడం కూడా ఒక మర్యాదే అని నాకు నెమ్మదిగా తెలిసింది.

మొదట్లో నేను ఎక్కువ మాట్లాడేదాన్ని. నిశ్శబ్దం వస్తే నాదే తప్పన్నట్టు, వాతావరణం గురించీ దాని వయసు గురించీ చెప్పుకుపోయేదాన్ని. మూడో నెలలో ఒకావిడ, నేను మాట్లాడుతుండగానే, కుక్క తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. నేను ఆగిపోయాను. గోడ గడియారం చప్పుడు, బెల్లం ఊపిరి. పావుగంట తర్వాత ఆవిడ కళ్లు తెరిచి, "మా ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది," అని చెప్పింది. అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ రోజు ఇంటికొస్తూ మా నాయనమ్మని తలుచుకున్నాను. ఊళ్లో ఎవరింట్లోనైనా చావు జరిగితే నాయనమ్మ వెళ్లి అరుగు మీద కూర్చునేది. ధైర్యం చెప్పేది కాదు, ఏం జరిగిందని అడిగేది కాదు. చేట తెచ్చుకుని ఆ ఇంటివాళ్ల బియ్యంలో రాళ్లు ఏరిపెట్టేది. పొద్దు వాలాక కొంగు దులుపుకుని లేచి వచ్చేది. పదిరోజులూ అలాగే. ఎందుకు మాట్లాడవని చిన్నప్పుడు అడిగితే, "మనం మాట్లాడితే వాళ్లు బదులు చెప్పాలి కదే, ఓపికేదీ?" అంది. నలభై ఏళ్ల తర్వాత అదే పాఠం నాకు ఒక కుక్క దగ్గర మళ్లీ దొరికింది.

*

ఎన్నో ముఖాలు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసిన తొంభై దాటిన తాతగారు ఒకరు బెల్లాన్ని చూసినప్పుడల్లా స్మోకీ కథ చెప్పేవారు. 1944లో న్యూగినీ అడవిలో ఒక గోతిలో దొరికిన రెండు కిలోల యార్క్‌షైర్ టెర్రియర్ అది. బిల్ విన్ అనే అమెరికన్ సైనికుడు పెంచుకున్నాడు. అతనికి డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంటే స్నేహితులు కుక్కని తెచ్చి చూపించారు. నర్సులు దాన్ని అతని మంచం మీదే పడుకోనిచ్చి, పగలు గాయపడ్డ మిగతా సైనికుల దగ్గరికీ తీసుకెళ్లారు. తాతగారు ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు. బెల్లం ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టే వినేది. మా మనుషుల్లో ఆ ఓపిక ఎవరికీ లేదు.

నెలకో శనివారం ఊరి లైబ్రరీకి వెళ్లేవాళ్లం. పిల్లలు కుక్కకి పుస్తకం చదివి వినిపించే కార్యక్రమం అది. 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలై దేశమంతా పాకింది. నత్తి ఉన్న ఒక పిల్లవాడు వచ్చేవాడు. మాట తట్టుకున్నప్పుడు పెద్దవాళ్లం మనకి తెలియకుండానే పెదాలు కదిపి అందిస్తాం. బెల్లం అందించదు. వాడు తట్టుకున్న మాట దగ్గర ఆగి, దాని చెవి నిమిరి, మళ్లీ మొదలుపెట్టేవాడు. నత్తి పోయిందని చెప్పను. పుస్తకం మాత్రం ఆఖరి పేజీ దాకా చదివేవాడు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కుక్క అలిసిపోతే నోటితో చెప్పదు. మూతి నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, తల పక్కకి తిప్పుకుంటుంది, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూస్తుంది. దాని తాడు పట్టుకునే హ్యాండ్లర్‌కి ఇవన్నీ తెలిసి ఉండాలి. 2017లో ఒక గదిలో పుట్టినరోజు జరుగుతోంది. బంధువులు, బెలూన్లు, నలుగురైదుగురు పిల్లలు. అందరూ బెల్లాన్ని కావలించుకుని ఫొటోలు దిగుతున్నారు. అది ఆవలించింది. చూశాను. ఇంకోసారి ఆవలించి గుమ్మం వైపు చూసింది. అదీ చూశాను. కానీ వాళ్ల సంతోషం చూస్తుంటే, అందరూ మెచ్చుకుంటుంటే, ఇంకో ఐదు నిమిషాలు ఉందామనిపించింది. ఒక బెలూను పేలింది. బెల్లం మంచం కిందికి దూరి మూలకి ఒదిగిపోయింది. పిలిస్తే రాలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి, వంటింట్లో ఆ రాత్రి ఉన్నట్టు, అది తనంతట తాను వచ్చేదాకా ఉన్నాను. ఒళ్లంతా వణుకుతోంది.

నెల రోజులు ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఆ నెలంతా ఒకటే ఆలోచించాను: అది నన్ను నమ్మి ఆ గదుల్లోకి వస్తోంది, దాని తరఫున "ఇక చాలు" అనగలిగేది నేనొక్కదాన్నే. రెండు గంటలకు మించి ఉండకూడదని మా సంస్థ నియమం. ఆ తర్వాత నేను గంటకే లేచేదాన్ని. మళ్లీ ఎప్పుడూ దాని రెండో ఆవలింత దాకా ఆగలేదు.

*

మామ్మగారిని 2018 శరదృతువులో చూశాను. గోదావరి జిల్లావారు. కూతురి దగ్గరికి వచ్చి ఉంటుండగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. మెదడు ఎడమభాగం దెబ్బతింటే వచ్చే ఈ స్థితిని అఫేజియా అంటారు. లోపల తెలివి తెలివిగానే ఉంటుంది, మాట మాత్రం నోటికి రాదు. అక్కడివాళ్లు బొమ్మలున్న అట్ట ముందుపెట్టి ఏం కావాలో చూపించమనేవాళ్లు. ఆ అట్ట మీద ఇడ్లీ లేదు, మజ్జిగ లేదు. ఆవిడ దాన్ని పక్కకి తోసేసేవారు. ఆవిడకి అర్థం కావడం లేదేమోనని కొందరు అనుకున్నారు.

ఆవిడ నేను వెళ్లే గదుల జాబితాలో లేరు. ఆ మంగళవారం వరండాలో వీల్‌చెయిర్‌లో కూర్చుని ఉన్నారు. ఎదురుగా స్ట్రెచర్ వస్తుంటే దారి ఇవ్వడానికి నేను, "బెల్లం, ఆగు. కూర్చో," అన్నాను.

వెనక నుంచి ఒక గొంతు. గొంతు కూడా కాదు, గాలిలాంటిది.

"కూ... చో."

వెనక్కి తిరిగాను. ఆవిడ నన్ను చూడడం లేదు, కూర్చున్న బెల్లాన్ని చూస్తున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, "మామ్మగారూ, మనవాళ్లా?" అన్నాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. జవాబు రాలేదు. మళ్లీ అదే మాట. "కూచో." కూర్చునే ఉన్న బెల్లం ఇంకాస్త నిటారుగా సర్దుకుంది.

ఆ సాయంత్రం నర్సు ఫోన్ చేసి చెబితే వాళ్లమ్మాయి ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. ఆరు వారాల్లో అమ్మ నోట ఎవరైనా విన్న మొదటి మాట అదేనట. నన్ను ఫోన్లో, "అక్కా, ఏ మాట? ఏ మాటన్నది?" అని నాలుగుసార్లు అడిగింది.

ఆ తర్వాత స్పీచ్ థెరపిస్ట్ నన్ను పిలిచింది. ఒకటికంటే ఎక్కువ భాషలు వినే ఇంట్లో ఉన్నవాళ్లకి మాట తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి చిన్ననాటి భాషే ముందు కదులుతుందని చెప్పి, బెల్లంతో కలిపి సాధన చేయిద్దామంది. నా చేత తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని, రా, పో, కూర్చో, పడుకో అని పలకడం తనూ నేర్చుకుంది. మామ్మగారు మొదటి మూడు వారాలు బెల్లాన్ని ముట్టుకోలేదు. కుక్క గడప దాటని ఇంట్లో పెరిగిన మనిషి. నేనూ చెయ్యి పెట్టమనలేదు. నాలుగో వారం ఎడమచెయ్యి తనంతట తనే వచ్చి దాని చెవి మీద వాలింది.

ఆవిడకి బెల్లంలో నచ్చిందేమిటో నాకు చాలా రోజులకి అర్థమైంది. ఆ భవనంలో అందరూ ఆవిడకి చెప్పేవాళ్లే. చెయ్యెత్తండి, నోరు తెరవండి, ఇటు తిరగండి, మందు మింగండి. ఇల్లంతా నడిపి, పదిమందికి పని చెప్పిన మనిషి రోజంతా చెప్పించుకునే మనిషైపోయారు. ఆవిడ చెబితే వినేది బెల్లం ఒక్కటే. "కూచో" అంటే కూర్చునేది. "పో" అంటే ఒకడుగు వెనక్కి వేసేది. ఆ క్షణంలో ఆవిడ భుజాలు వెనక్కి వెళ్లి, మెడ నిలబడేది. నిమరడం వల్ల ఓదార్పు వస్తుందని నేను అనుకున్నాను. ఈవిడకి వచ్చింది పెద్దరికం.

మాట రాని రోజులు కూడా ఉండేవి. అలాంటప్పుడు నా చేతిని చూసి నేర్చుకున్న సైగ చేసేవారు. ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, మెల్లగా, వణుకుతూ, భుజం దాకా. బెల్లం కూర్చునేది.

ఏడాది గడిచేసరికి ఆవిడకి ముప్ఫై నలభై మాటలు వచ్చాయి. తోక, చెవి, ముక్కు, మజ్జిగ, అమ్మాయి, వద్దు. 2020 మార్చి 10, మంగళవారం. బెల్లం తల ఆవిడ ఒళ్లో ఉంది. గంట కాగానే లేచి, "మామ్మగారూ, ఇక వెళ్తాం," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఇంకాసేపు ఉండమంటున్నారేమో అనుకున్నాను. కాదు. నా చెయ్యి పట్టుకుని, పెదాలు కూడదీసుకుని, ఒక్కొక్క అక్షరం తవ్వి తీసినట్టు అన్నారు:

"వె... ళ్లొ... స్తాం."

వెళ్తాం అనకూడదు, వెళ్లొస్తాం అనాలి. నేను చిన్నప్పుడు మా అమ్మ వందసార్లు దిద్దిన మాట. "వెళ్లొస్తాం మామ్మగారూ," అన్నాను. ఆవిడ చెయ్యి వదిలారు.

*

శుక్రవారం, మార్చి 13న, దేశమంతటా నర్సింగ్ హోముల్లోకి బయటివాళ్లని రానివ్వొద్దని ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఆదేశం వచ్చింది. కూతుళ్లకీ కొడుకులకీ కూడా అదే. తర్వాతి వారాల్లో న్యూజెర్సీ నర్సింగ్ హోముల్లో ఎంతమంది పోయారో ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు.

ఏప్రిల్లో కిటికీ బయట నుంచి చూడనిచ్చారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, బెల్లాన్ని తీసుకురాగలరా? అమ్మ నాతో మాట్లాడడం లేదు." మామ్మగారి గది కింది అంతస్తులోనే. సన్నటి వాన పడుతోంది. వాళ్లమ్మాయి మాస్కు వేసుకుని అద్దానికి అర అడుగు దూరంలో నిలబడింది. లోపల, నిలువెల్లా గౌను తొడుక్కున్న ఆయా ఒకావిడ మామ్మగారి చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. "అమ్మా, నేనే అమ్మా." మామ్మగారు ఎటో చూస్తున్నారు. మనిషి సగమైపోయారు.

నేను బెల్లాన్ని కిటికీ ముందుకి తీసుకొచ్చాను. అద్దం, వాన, మధ్యలో అది. దానికి వాసన అందదు, మాట వినపడదు. చాలాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు దుప్పటి కింద నుంచి ఆ ఎడమచెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి తిరిగింది. మెల్లగా భుజం దాకా లేచింది.

బెల్లం తడిగడ్డిలో కూర్చుంది.

మామ్మగారు చెయ్యి దించారు. నేను దాన్ని లేపి నిలబెట్టాను. మళ్లీ చెయ్యెత్తారు. మళ్లీ కూర్చుంది. మూడోసారి ఎత్తినప్పుడు ఆవిడ చూపు బెల్లం మీద నుంచి పక్కకి జరిగి కూతురి మీద ఆగింది. ఆ అమ్మాయి కూడా, ఏమనుకుందో ఏమో, గోడని ఆనుకుని నెమ్మదిగా ఆ తడినేల మీద కూర్చుంది. అమ్మ చెప్పిన మాట విన్నట్టు. లోపల ఆవిడ ముఖం విచ్చుకుంది.

ఏప్రిల్ ఆఖరి వారంలో మామ్మగారు పోయారు.

జూన్‌లో వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో దూరదూరంగా రెండు కుర్చీలు వేసింది. నేను వచ్చిన పని పరామర్శ. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను, కుర్చీలో కూర్చున్నాక ఏమీ చెప్పలేదు. బెల్లం వెళ్లి ఆ అమ్మాయి పాదాల మీద పడుకుంది. గంటన్నర అలాగే ఉన్నాం. ఆమె లోపలికి వెళ్లి గోరుచిక్కుళ్లు తెచ్చుకుంటే నేను సగం తీసుకుని ఈనెలు తీసిపెట్టాను. లేచేటప్పుడు, "వెళ్లొస్తాం," అన్నాను. ఆమె అప్పుడు ఏడ్చింది.

*

మమ్మల్ని మళ్లీ లోపలికి పిలిచేసరికి 2021 చలికాలం. తలుపుల మీద పేర్లు చాలావరకు మారిపోయాయి. తాతగారు లేరు. ఆ రోజు బెల్లం ఏ గదికీ వెళ్లలేదు. వరండాలో దాన్ని చూసి ఒక ఆయా నేల మీద కూర్చుండిపోయింది. ఆ కిటికీలో ఫోన్ పట్టుకున్నావిడే. దాని మెడలో ముఖం పెట్టుకుని ఉండిపోయింది. ఆవిడ వెనకాల ఇంకొకరు, వాళ్ల వెనకాల ఇంకొకరు. ఇన్నేళ్లూ మంచాల మీద ఉన్నవాళ్ల కోసమే వెళ్తున్నామనుకున్నాను. మంచం పక్కన నిలబడేవాళ్లకి ఎవరున్నారని అప్పటిదాకా నేను అడగలేదు.

2023లో బెల్లానికి పదేళ్లు నిండాయి. తుంటి కీళ్లు పట్టేస్తున్నాయి. ఒక మంగళవారం మూడో గది దాటగానే ఆవలించింది. నేను రెండో ఆవలింత కోసం ఆగలేదు. అందరికీ వెళ్లొస్తామని చెప్పి, కారు దగ్గర దాని వెస్టు విప్పేశాను.

ఇప్పుడు దానికి మూతి తెల్లబడింది, చెవులు పూర్తిగా వినపడవు. రా అన్నా, కూర్చో అన్నా, బెల్లం అన్నా ఒకటే. దానికి నేర్పిన తెలుగంతా పోయింది, చేతి సైగలు మిగిలాయి. రోజూ అన్నం గిన్నె పెట్టే ముందు దాని ఎదుట నిలబడి అరచెయ్యి పైకి తిప్పి ఎత్తుతాను. అలవాటు ప్రకారం కుడిచెయ్యే ఎత్తాలి. ఎడమచెయ్యి లేస్తుంది, మెల్లగా. బెల్లం నా ముఖంలోకి చూస్తూ, నొప్పిగా ఉన్న నడుముని జాగ్రత్తగా దించి, కూర్చుంటుంది.